నల్ల క్యాలెండరు

పటాన్‌చెరు అంగడి వీధిలో కైలాసం కిరాణా దుకాణం ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపేవారు. ఆయన భార్య విమలకు మాత్రం ఆ దుకాణంలో ఆశపడే సరుకు ఒక్కటే, పాత పేపర్లు. హైదరాబాదు నుంచి మూటలుగా వచ్చే ఆ పేపర్లను చింపి పప్పూ చక్కెరా పొట్లాలు కట్టేవారు. వాటిల్లో చంద్రుడి బొమ్మో, రాకెట్టు బొమ్మో కనబడితే కైలాసం తీసి తూకం రాళ్ల డబ్బా కింద దాచేవాడు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక అన్నం గిన్నె తెచ్చిన విమల చేతిలో పెట్టేవాడు. పెళ్లానికి పూలు తెచ్చే మగవాళ్లు ఉంటారు, పట్టుచీర తెచ్చేవాళ్లూ ఉంటారు. శనగపప్పు పొట్లం కావలసిన చంద్రుణ్ణి ఆపి తెచ్చినవాడు ఆ వీధి మొత్తంలో ఈయనొక్కడే.

విమల ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు లేరు. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి సంపాదించి ఆ బొమ్మలన్నీ అందులో పెట్టుకుంది. చూసుకుని మురిసిపోవడంతో ఆమెకు తృప్తి లేదు, నలుగురికీ చూపించాలి. పనులయ్యాక వెనక వాకిట్లో చాప వేసేది. పక్క గల్లీలో రవికలు కుట్టే జాహెదా వచ్చేది. చిట్కుల్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే రాజవ్వ, ఖాళీ గంప బోర్లించి దాని మీదే కూర్చునేది.

అరవై తొమ్మిదిలో మనిషి చంద్రుడి మీద దిగాడు. అక్కడి మట్టిలో పడిన బూటు అచ్చు బొమ్మను విమల చాప మీద పరిచింది. రాజవ్వ వంగి చూసింది.

"గంత దూరం పోయి ఏం దెచ్చిండ్రు బిడ్డా?"

"రాళ్లు, మట్టి."

"రాళ్లా! మా చెలకలకు వస్తె ఉత్తగనె ఇస్తుంటి గదా!"

జాహెదా నవ్వు ఆపుకోలేక చేతిలోని సూది కింద పడేసింది. ఆ సూది వెతకడానికే వాళ్లకు ఆ పూట సరిపోయింది.

కైలాసం ఏటా ఖాతాదార్లకు క్యాలెండర్లు పంచేవాడు. ఆ చలికాలం ప్రెస్సు ఏజెంటు చలపతిరావు నమూనా బొమ్మల పుస్తకం తెచ్చాడు. లక్ష్మి, వెంకటేశ్వరస్వామి, వెన్నముద్ద కృష్ణుడు. "ఈసారి నువ్వే ఎంచు" అని కైలాసం పుస్తకాన్ని విమల ముందుకు తోశాడు. దేవుళ్లందరినీ దాటి ఆమె చివరి పేజీ దగ్గర ఆగిపోయింది. కింద చంద్రుడి బూడిదరంగు నేల, పైన నల్లటి ఆకాశం, ఆ నలుపులో సగం వెలిగిన నీలం భూమి.

"అమ్మా, అది బడుల కోసం వేసిందండి. దుకాణాలవాళ్లెవరూ తీసుకోరు" అన్నాడు చలపతిరావు.

"మా ఇంట్ల అదే కావాలన్నది. అదే వెయ్యి" అన్నాడు కైలాసం.

అచ్చయి వచ్చిన క్యాలెండర్ల కట్ట విప్పి విమల నోరు తెరిచింది. దుకాణం పేరు కింద చిన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. ఈ చిత్రాన్ని ఎంచినవారు శ్రీమతి విమల.

"నా పేరెందుకు ఎక్కించిండ్రు? ఊరంత చూస్తది గదా!"

"చూడాలనే ఎక్కించిన."

ఆ రోజు ఆమె పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు.

ఊరికి మాత్రం ఆ బొమ్మ నచ్చలేదు. కొత్త సంవత్సరం పూట ఇంట్లోకి నలుపు తెచ్చుకునేదెవరు? "దేవుడిది లేదా సేటూ? పొద్దుగాల లేస్తె దేనికి మొక్కాలె?" అని అడిగారు. మొహమాటానికి తీసుకున్నవాళ్లు కొందరు దాన్ని దుకాణం అరుగు మీదే మరిచిపోయినట్టు వదిలేసి పోయారు. విమల గుమ్మం చాటు నుంచి అంతా చూసింది, ఆమె మొహం చిన్నబోయింది.

సంతోషించింది జాహెదా వాళ్ల గల్లీ ఒక్కటే. ఏటా ఇచ్చే లక్ష్మీదేవి బొమ్మను వాళ్లు మర్యాదగా పుచ్చుకుని, గోడకు పెట్టలేక, పారేయలేక, ట్రంకుపెట్టె అడుగున దాచేవారు. జాహెదా పెనిమిటి ముర్తుజా కార్ఖానా డ్యూటీ దిగి నేరుగా దుకాణానికి వచ్చాడు. "గిన్నేండ్లకు మా గోడకు పనికొచ్చే బొమ్మ ఏసినవ్ సేటూ, ఇంకోటి ఇయ్యి" అన్నాడు. కైలాసం లోపలికి చూసి విమల వైపు కనుబొమలెగరేశాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఆ ఆషాఢంలో బెల్లం బుట్ట దింపుతూ కైలాసం గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. వెనక గోడకు ఆ క్యాలెండరు వేలాడుతోంది.

పరామర్శకు వచ్చినవాళ్ల కళ్లన్నీ దాని మీదే పడ్డాయి. ఎవరు ఎంచారో ఎవరినీ అడగక్కర్లేదు, పేరు కిందే ఉంది. అచ్చులో పేరు కనబడ్డాక మన జనానికి ఇంకో సాక్ష్యం కావాలా! మురిపెంగా ఆయన వేయించిన ఆ ఒక్క వరుసే ఆమెను దోషిని చేసి నిలబెట్టింది.

"నల్లది కోరి కోరి తెచ్చి నా కొడుకు నెత్తి మీద ఏలాడదీస్తివి గదనే!" అని అత్తగారు పద్మావతమ్మ గుండెలు బాదుకుంది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. కొడుకు పోయిన తల్లి, ఎవరో ఒకరిని అనక ఊరుకోలేదు. పలకరింపుకు వచ్చిన జాహెదాను కూడా, ఆ బొమ్మల చాప మీద కూర్చున్నదేనని, గడప దగ్గరే ఆపేసింది. జాహెదా మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

విమల మొదట్లో తనకు తాను నచ్చజెప్పుకుంది. పదిహేనో ఏటి నుంచి బస్తాలు మోసిన మనిషి, మామగారు పోయిందీ గుండెనొప్పితోనే. కానీ రోజూ అదే మాట వింటూ ఉంటే, గోడకు చెమ్మ ఎక్కినట్టు మెల్లగా ఆమెకూ ఎక్కింది. ఏడాది తిరిగేలోపు ఒకనాడు, ఎవరూ చెప్పకుండానే, మిగిలిన క్యాలెండర్లూ రేకు డబ్బాలోని బొమ్మలూ తెచ్చి నీళ్ల పొయ్యిలో వేసింది. తన పేరున్న అంచు కాలుతుంటే కళ్లారా చూసింది. ఈ పని ముందే చేసి ఉంటే ఆయన బతికేవాడు కదా అనుకుంది.

దుకాణం మరిది పాండురంగం చేతికి వచ్చింది. ఏటా వెంకటేశ్వరస్వామి క్యాలెండర్లే పంచేవాడు. విమల వెనక గదిలో బియ్యం చెరుగుతూ, పప్పులు బాగుచేస్తూ ఆరేళ్లు గడిపింది.

డెబ్భై ఆరులో, అత్తగారు పోయిన మరుసటేడు, జాహెదా బావి దగ్గర జారిపడి కాలు విరిగి మంచాన పడిందని రాజవ్వ చెప్పింది. విమల నువ్వుల ఉండలు మూట కట్టుకుని మొదటిసారి ఆ గల్లీలో అడుగుపెట్టింది.

మంచానికి ఎదురుగా గోడ మీద అదే బొమ్మ. తేదీల కాగితాలు ఎప్పుడో అయిపోయాయి. నీలం భూమి మీద ఒకచోట రంగు పోయి తెల్లబడింది.

"దాన్ని తీసెయ్యి జాహెదా" అంది విమల మొహం తిప్పుకుని. "అది ఇంటికి మంచిది గాదు."

"ఏందంటవ్ భాభీ? ఆరేండ్ల సంది గోడకే ఉన్నది. ముగ్గురు పిల్లలు దీని ముంగటనే పెరిగిండ్రు. 'మనం ఈడున్నం' అనుకుంట రోజూ ఏలు వెడతరు, గందుకే అరిగింది. మా ఆయనకు పని పర్మనెంటయింది. ఇగ నా కాలంటవా, బాయి కాడ పాకురు, దానికి బొమ్మేం జేస్తది?"

విమల మంచం అంచున కూలబడింది. ఆరేళ్లుగా ఆ నలుపు ఈ ఇంటిని ఏమీ చేయలేదు. దాని పాపం ఏమీ లేదు. మరి తను పొయ్యిలో వేసింది ఏమిటి?

"మా ఇంట్ల ఎవ్వరికి తెలుగు చదవరాదు భాభీ. కింద చిన్న అక్షరాలు ఏందియి? నువ్వు రానే రాకపోతివి అడుగుదామంటే."

విమల లేచి దగ్గరికి వెళ్లింది. "ఈ చిత్రాన్ని ఎంచినవారు..." అని చదివి ఆగింది. "శ్రీమతి విమల."

"నీ పేరా! ఎవరు రాయించిండ్రు?"

"ఆయన రాయించిండు. ఊరంత చూడాలని."

అని గోడకు నుదురు ఆనించి ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. అప్పుడు మొగుడు పోయాడని ఏడ్చింది. ఆయన తనకోసం అచ్చువేయించిన మాటను తన చేతులతోనే కాల్చానని ఇప్పుడు తెలిసింది.

కాసేపటికి జాహెదా మెల్లగా అంది. "తీస్కపో భాభీ. నీదే గదా."

విమల మేకు దాకా చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది.

"వద్దు. ఈడనే ఉండనియ్యి. నాది గూడ నా దగ్గర ఉండె, కాలవెట్టుకున్న."

నువ్వుల ఉండల మూట జాహెదా పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆ చిన్న అక్షరాలను ఇంకోసారి చదువుకుని ఇంటికి బయల్దేరింది.