మణికట్టు మీద అమ్మ వేళ్లు

మొన్న దవాఖానల సిస్టర్ నా నాడి చూస్తుంటే స్పిరిట్ వాసనొచ్చింది. చెయ్యి లాక్కోబోయి, భయమేసి ఆగిన.

నా చిన్నప్పుడు చర్ల అడవి దిక్కు ఒక సర్కారు దవాఖానల అమ్మ నర్సు. మనుషులు చాలక రెండు డ్యూటీలు కలిపి చేసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి చీరన్న మార్చకుండ నా పక్కన ఒరిగేది. నిద్రలనే నా మణికట్టు పట్టుకుని పెదవులు కదిపేది. అది మా ఇద్దరి ఆట అనుకునేదాన్ని.

ఒకనాడు ఏడిపిద్దామని మెల్లగ చెయ్యి లాక్కున్న.

అమ్మ కండ్లు తెరవకుండనే కేకేసింది. "సార్, పల్స్ దొరుకుతలేదు! జల్దీ రండి!"

"అమ్మా, నేనే" అన్న.

నన్ను గట్టిగ పట్టుకుని ఏడ్చింది. "ఒక్కదాన్ని ఎంతమందిని చూసేది బిడ్డా?"

ఆ నెలలనే అమ్మ ఉద్యోగం మానేసింది. నేను చెయ్యి లాక్కున్నందుకే మానేసిందని చానా ఏండ్లు అనుకున్న. నేను చెయ్యి లాక్కున్న రోజు పొద్దున, అడవి ఊరి నుంచి కాన్పుకు మంచం మీద మోసుకొచ్చిన ఒకామె, అమ్మ ఇంకో పేషెంటు దగ్గరికి పోయొచ్చేలోపు చనిపోయిందని పెద్దయినంక తెలిసింది.

ఇప్పటికీ టీవీ చూస్తూ చూస్తూనే అమ్మ వేళ్లు నా మణికట్టును వెతుక్కుంటయి. పెదవులు కదులుతయి. తనే వదిలేదాక నేను చెయ్యి తియ్యను.