రెడ్డెప్ప మామ తవ్వని గోడ లేదు

మా రెడ్డెప్ప మామకు ఒక్కటే పిచ్చి. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించే ముందు గోడ మొదట్లో తవ్వి పునాది చూడాలి. ఆయన సైకిలుకు గంట లేదు, బ్రేకు లేదు. గడ్డపార మాత్రం ఉంది.

డెబ్బైతొమ్మిదిలో నా పెళ్లిచూపులకని పుంగనూరు నుంచి కుప్పం వెళ్లాం. అమ్మాయి కాఫీ తెచ్చేసరికి మామ మాయం. పెరట్లోంచి కేక వినబడి పరుగెత్తాం. వంటింటి గోడ పక్కన మోకాటి లోతు గుంటలో మామ, గట్టు మీద నెత్తిన చేతులు పెట్టుకుని అమ్మాయి తండ్రి!

“మీ పిల్ల బంగారమప్పా. పునాదిలోనే పందికొక్కులు కాపురం ఉండాయి!”

సంబంధం అక్కడికక్కడే తప్పిపోయింది. ఒళ్లు మండి నేను కొన్నాళ్లు మామతో మాటలు మానేశాను. తర్వాత మదనపల్లెలో పెళ్లి కుదిరితే, తాళి కట్టేదాకా మామ భార్య, మా అత్త మునిలక్ష్మమ్మ, ఆయన చెయ్యి వదల్లేదు. కళ్యాణమండపం ఆ విధంగా దక్కింది.

అలాంటి మనిషి నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పుంగనూరులో మా పక్కింటి గౌరమ్మ ఒంటరి మనిషి. పట్టుపురుగులు పెంచి బతికేది. ఒకసారి కప్పు కారి, పురుగులు తడిసి పంట పంటంతా పోయింది. ఇల్లు బాగుచేయించాలని మామను పిలిచింది. పిలవకపోయినా వచ్చేవాడే. తవ్వి చూస్తే గోడ కింద డొల్ల. చెయ్యి పెడితే మోచేతిదాకా పోయింది.

“ముందు పునాది సూసుకోవల్లమ్మా.”

“నా కాడుండే దుడ్డు కప్పుకో పునాదికో ఒకదానికే వస్తాదన్నా. దాన్ని మట్టిలో పెడితే పురుగులు మళ్లా తడవల్లనా? ఈ పంటా పోతే నేను యాడికి పోవల్ల?” అంది గౌరమ్మ.

మామ గోడను చూశాడు, కప్పును చూశాడు, గడ్డపార భుజాన వేసుకున్నాడు.

“అయితే కప్పే ఎయ్యించుకోమ్మా. పునాది బాగుండాదిలే.”

 పక్కనే ఉన్న నేను పరుగున పోయి అత్తకు చెబితే ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. “జొరమొచ్చిందేమో, నొసలు పట్టి సూసినావాప్పా?”

మర్నాడు పొద్దున్నే మామ మళ్లీ గౌరమ్మ గోడ కిందే!

“బాగుండాదంటివే, మళ్లా యాల తవ్వతాండావన్నా?”

“బాగుండాదో లేదో సూస్తాండా.”

ఆమె మల్బరీ ఆకు కోసుకొచ్చేలోగా గుంట పూడ్చేసేవాడు. మర్నాడు దాని పక్కనే ఇంకోటి. సైకిలు మీది గోనెసంచి బరువుకు వెనక టైరు అణిగిపోయేది.

“సంచిలో ఏముంది మామా?”

“మద్దేన్నానికి సంగటి.”

అంత సంగటి మా వీధంతా తిన్నా మిగులుతుంది. పిచ్చి ముదిరిందనుకుని ఊరుకున్నాను. గౌరమ్మ రోజూ తిట్టింది, ఆయన రోజూ తవ్వాడు.

కప్పుకు కొత్త పెంకులు పడ్డాయి. వానలు దంచికొట్టినా పురుగులు తడవలేదు. పట్టుగూళ్లు అమ్మిన రోజే గౌరమ్మ, కప్పు మాట చెప్పిన పుణ్యానికి మామకు పంచె కొనింది. ఇద్దరం ఊరి ఆ చివర ఉన్న ఆయన ఇంటికి వెళ్లాం. అత్తకు ఆ మాట చెప్పొచ్చాక నేను మళ్లీ అటు వెళ్లలేదు.

వాకిట్లో నిలబడిపోయాం. కూర్చునే రాతి తిన్నె లేదు. పెరటి ప్రహరీ లేదు. చివరికి బట్టలుతికే బండ కూడా లేదు!

“మీ మామే ఊడబెరుక్కుపోయినాడప్పా!” అంది అత్త. “అంతా గౌరమ్మ గోడ కింద పెట్టినాడంట. ఒకేసారి తవ్వితే గోడ కూలతాదని, దినామూ రవంత తవ్వి, రాయి కూరి పూడ్చినాడంట. నా బట్టలు ఇంగ ఆయమ్మ గోడకేసి ఉతకల్లనా?”

గౌరమ్మ చేతిలో పంచె చేతిలోనే ఉండిపోయింది. “బాగుండాదని నాకు అబద్ధం యాల సెప్పినావన్నా?”

నేల మీద కూర్చుని బువ్వ తింటున్న మామ తల గోక్కున్నాడు.

“అబద్ధమేముందమ్మా? ఇప్పుడు బాగుండాది కదా. నేను రవంత ముందు సెప్పినా, అంతే.”

ఎంత కోపంలో ఉన్నా అత్తకు నవ్వు ఆగలేదు. గౌరమ్మ కళ్లు తుడుచుకుంటూ తానూ నవ్వి, పంచె ఆయన ఒళ్లో పెట్టి నేల మీదే కూర్చుంది. ఆ ఇంటి ముందర కూర్చోవడానికి ఇంకేమీ మిగల్లేదు మరి.