ఒక్క చీరా కొనని మేడమ్

మేడమ్ పోయారని పెనుకొండ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను అంగడిలో చీర మడత పెడుతున్నాను. నా కుడిచేతికి ఆ మడత మళ్లీ నేర్పింది ఆమే.

నేను ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో సేల్స్‌మన్‌ని. పక్షవాతంతో కుడిచేయి పడిపోయినప్పుడు నా భార్యే అన్నం తినిపించేది. పెళ్లయ్యాక ఆమె చెప్పగానే నేను నోరు తెరవడం అదే మొదలు. ఓనరు చూడ్డానికొచ్చి, "రెస్టు తీసుకోప్పా, నీ జాగాలో ఎవర్నైనా చూసుకుంటాంలే" అన్నాడు. ఆయన వెళ్లాక ఏడ్చేశాను.

మేడమ్ సొంతూరు పెనుకొండ. హిందూపురం ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు. జబ్బుపడి లేచినవాళ్లకు స్నానం, గుండీలు, తిండి, బతుకుతెరువు పని అన్నీ మళ్లీ అలవాటు చేయించడం ఆమె ఉద్యోగం. నన్ను ఆ ఆసుపత్రిలోనే చూపించాం. ఆ తర్వాత సెలవు రోజుల్లో మా ఇంటికొచ్చేవారు.

"సూది లేదు, మాత్ర లేదు, ఈయమ్మేం డాక్టరు?" అని నా భార్య గొణిగేది. మేడమ్ ఆమె చేతిలోని కంచం లాక్కుని నా ముందు పెట్టారు. సంగటి నా నోటికి చేరేలోపు గడ్డానికీ, చొక్కాకూ, పిల్లికీ వాటా పోయేది.

"పిల్లి బలుస్తాండాది. నువ్వెప్పుడు బలుస్తావప్పా?" అనేవారు మేడమ్.

నా చేతికి పట్టు దొరకాలని దువ్వెన పిడికి పాతగుడ్డ చుట్టి లావు చేసిచ్చారు. తర్వాత నా భార్య చీరలన్నీ బయట పెట్టించి, గిరాకీలాగా ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"చూపించప్పా."

కుడిచేత్తోనే ఒకటి విప్పాను.

"అంచు చిన్నదాయె. ఇంకోటి తీయి. ఈ రంగు నాకొద్దు. అది మడిచిపెట్టి మళ్లీ మొదటిది చూపించు."

వారాల తరబడి ఇదే బేరం. ఒకరోజు ఒళ్లు మండి, "కొనేదుంటే చూడండి, లేకుంటే పోండి!" అని అరిచాను. ఆ విసురులో చీర చాప పొడవునా పరుచుకుంది. విసిరింది కుడిచేయి. నా భార్య కళ్లు తుడుచుకుంది.

"గిరాకీతో ఇట్ల మాట్లాడితే నిన్ను అంగట్లో యాడ పెట్టుకుంటారు?" అన్నారు మేడమ్.

పెట్టుకున్నారు. ఈరోజుకీ ఈ చేత్తోనే బతుకుతున్నాను.

ఫోన్ పెట్టేశాక, మేడమ్ మీద కప్పడానికి చీర తీసుకుపోవాలనుకున్నాను. ఏ రంగు? అన్నిటికీ వంకలు పెట్టారే గానీ, నచ్చిందేదో ఒక్కనాడూ చెప్పలేదు. చాలాసేపు వెతికి, వంకాయరంగుది తీసుకుని పెనుకొండ బస్సెక్కాను.

అక్కడ ఆమె పక్కన నిలబడి కుడిచేత్తో విప్పాను. అంచు జారింది. సాయానికి వచ్చినావిడను వద్దన్నాను. పాదాల దాకా సర్ది, అలవాటుకొద్దీ, ఎట్లుండాది మేడమ్ అని అడగబోయాను.