నేను మార్చిన గోలీలు

నలుగురిలో నా భర్త నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. పెళ్లిలోనో చావింట్లోనో ఎవరైనా పానం ఎట్లుందని అడిగితే చాలు, ఆయన నా వైపు చెయ్యి చూపిస్తాడు. "గీమె లేకపోతే నేను ఎన్నడో పోయేటోణ్ణి" అంటాడు. అందరూ నన్ను చూస్తారు. నేను తల దించుకుంటాను. అది అణకువ అనుకుంటారు. కాదు. ఏళ్ల తరబడి లోపల ఒక బరువు మోస్తున్నాను. ఆ మాట విన్న ప్రతిసారీ అది ఇంకాస్త కిందికి లాగుతుంది. మా అమ్మ పోయేదాకా ఆమెకూ చెప్పలేదు. దేవుడి ముందు కూడా సగం చెప్పి సగం మింగాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన దర్జీ. నాంపల్లి కోర్టుల దగ్గర చిన్న షాపు ఉండేది. వకీళ్ల నల్లకోట్లు, గౌన్లు కుట్టేవాడు. ఊరి నుంచి వచ్చి, ఒక ఉస్తాద్ దగ్గర కాజాలు కుడుతూ పని నేర్చుకుని, ఆ షాపు కిరాయికి తీసుకునేసరికి ఆయన యవ్వనం సగం అయిపోయింది. కొత్తగా వకీళ్లయిన పిల్లలు మొదటి కోటు వేసుకుని అద్దం ముందు సిగ్గుపడుతుంటే, వాళ్ల భుజాలు సర్ది, వెనక్కి జరిగి చూసి నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే నేను ఒక్కోసారి అన్నం డబ్బా ఇచ్చే నెపంతో షాపుకు వెళ్లేదాన్ని.

ఒక ఎండాకాలం ఆయన వీపు నుంచి కుడివైపు ఛాతీ దాకా పటకా కట్టినట్టు ఎర్రటి పొక్కులు లేచాయి. సర్పి అన్నారు. మా అత్తమ్మ ఊళ్లో ఎర్రమట్టి పూయించింది. ఆ నమ్మకంతో కొన్ని రోజులు గడిచిపోయాయి. దవాఖానకు వెళ్లేసరికి, పొక్కులు లేచిన వెంటనే రావాల్సింది అన్నారు. పొక్కులు ఎండి రాలిపోయాయి. మంట పోలేదు. పైన చర్మం మానినా లోపల నరం దెబ్బతిన్నదని, కొందరికి ఈ నొప్పి నెలలు, కొందరికి ఏళ్లు ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఏళ్లు అన్న మాట ఆ రోజు మాకు ఎక్కలేదు.

చొక్కా తగిలితే నిప్పు తగిలినట్టు ఉండేది ఆయనకు. ఫ్యాను గాలికి కూడా ముడుచుకుపోయేవాడు. కుడిచెయ్యి చాపి బట్టను మెషిన్ కిందికి తోయాలంటే పక్కటెముకల దగ్గర కరెంటు కొట్టినట్టు అయ్యేది. కోట్లు ఆలస్యమయ్యాయి. వకీళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టి, వేరే దర్జీలను వెతుక్కున్నారు. పెద్ద దవాఖాన, స్కానింగులు, నెలనెలా ఖరీదైన గోలీలు. బిడ్డను ప్రైవేటు కాలేజీ మాన్పించి సర్కారు కాలేజీలో చేర్చాం. నేను అబిడ్స్‌లో ఒక చీరల షాపులో పనికి కుదిరాను. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే పని. వంద చీరలు విప్పి చూపిస్తే ఒకటి కొంటారు, మిగిలినవి మడతలు పెట్టాలి. ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా లేకుండా, గోడ వైపు తిరిగి కూర్చుని ఉండేవాడు. అన్నం కూడా వండి ఉండేది కాదు.

మొదట జాలి ఉండేది. తర్వాత అది ఎక్కడ పోయిందో నాకే తెలియదు. గాయం కనబడితే ఓదార్చగలం. కనబడని నొప్పిని ఎంతకాలం నమ్ముతాం? ఆయన వీపు మీద వెలిసిపోయిన మచ్చలు తప్ప ఏమీ లేవు. మా అన్న ఒకసారి నాతో మెల్లగా, పని చెయ్యబుద్ధి కానోళ్లకు ఇట్లాంటి నొప్పులు ఊరికే తగ్గవు అన్నాడు. అన్నను కసిరాను. కానీ ఆ మాటను పారేయలేదు. దాచుకున్నాను.

కొత్త డాక్టరు ఒక గోలీ రాశాడు. మెల్లగా పెంచుతూ పోవాలని, ఉన్నట్టుండి మాత్రం ఆపొద్దని చెప్పాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆ గోలీతో మత్తుగా ఉండేది. వేసుకున్నది మరిచి మళ్లీ వేసుకుంటాడేమోనని నేనే పట్టీ లోంచి తీసి, చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చేదాన్ని. రెండు నెలలకు ఆయన పొద్దుటిపూట షాపు తెరవడం మొదలుపెట్టాడు. ఇంట్లోకి వచ్చాక మాత్రం మళ్లీ అదే గోడ.

ఒక సాయంత్రం నేను పని నుంచి తొందరగా బయలుదేరి మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వస్తున్నాను. ఐస్‌క్రీం దుకాణం ముందు మా ఆయన కనిపించాడు. పక్కన పాత దోస్తు. ఒంటి మీద చొక్కా ఉంది. చేతిలో గిన్నె ఉంది. తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు, అద్దం ముందు వకీలు పిల్లలను చూసి నవ్వినట్టు. నా కాళ్లు వాచి చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి. నేను ఆయనను పిలవలేదు. అన్న మాట గుర్తొచ్చింది. ఇంటికి వచ్చాక "నొస్తున్నదా?" అని అడిగాను. "ఔ, మస్తు" అన్నాడు.

ఇప్పుడు తెలుసు. ఆ నవ్వు గోలీ పనిచేస్తున్నందుకు వచ్చిన నవ్వు. రోజులో దొరికిన ఒక మంచి గంట. ఆ గంటను నేను ఆయన మీద సాక్ష్యంగా పెట్టుకున్నాను.

మరునాడు మెడికల్ షాపులో దాదాపు అదే రంగులో ఉన్న బలం గోలీలు కొన్నాను. అసలు గోలీల బదులు అవి గిన్నెలో వేశాను. ఎందుకు చేశాను? ఖర్చు మిగులుతుందనా? అట్లా అని నాకు నేను చెప్పుకున్నాను, చాలా కాలం. డబ్బు మిగిలిన మాట కూడా నిజమే. కానీ అది కారణం కాదు. మందు లేకపోయినా ఆయన అట్లాగే ఉంటాడని, అప్పుడు ఆయన అబద్ధం నా చేతికి దొరుకుతుందని అనుకున్నాను. ఆయన దొరికిపోవాలని కోరుకున్నాను. కట్టుకున్నవాణ్ణి దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవాలని.

రెండు రోజుల్లోనే ఆయనకు చెమటలు పట్టాయి, వాంతులయ్యాయి. నిద్ర కరువైంది. తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చునేవాడు, బిడ్డకు వినిపించకూడదని. అది చూసిన వెంటనే నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పను. ఆ పూటే అసలు గోలీ ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఇస్తే, తగ్గితే, నేను చేసింది నాకు పూర్తిగా కనబడుతుంది. ఇంకొక్క రోజు చూద్దాం అనుకున్నాను. అట్లా మూడు వారాలు గడిచాయి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గోలీలు సరిగా వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగాడు. మా ఆయన నాకంటే ముందు జవాబు చెప్పాడు.

"నా భార్యనే ఇస్తది సార్. ఒక్క పూట గూడ తప్పలే."

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

అంతే. నా జీవితంలో నేను చేసిన పెద్ద పాపం ఆ తల ఊపడం. గోలీలు మార్చడం కూడా దానికంటే చిన్నదే. మందు పని చెయ్యలేదనుకుని డాక్టరు వేరేది రాశాడు, వీపులో నరం దగ్గర ఇంజెక్షన్ ఇవ్వాలన్నాడు. దానికి నా బంగారు గాజులు అమ్మాను. అందరూ నన్ను పొగిడారు. ఇంజెక్షన్ నాలుగు రోజులు పనిచేసింది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన షాపు తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు.

"రేపు ఓనర్‌కు ఇచ్చేస్తా. గోలీకి లొంగలే, సూదికి గూడ లొంగలే. ఇగ నా చెయ్యి మెషిన్ మీదికి రాదు."

"జర్రంత ఆగరాదు? కొత్త గోలీ ఉన్నది కదా" అన్నాను.

"ఎన్ని దినాలు ఆగమంటవ్? కిరాయి నువ్వు నిలబడి సంపాదించి కడుతున్నవ్. నీ కాళ్లు సూసినవా?"

నేను కాళ్లు చీర కిందికి లాక్కున్నాను. ఆయన అడగడానికి సిగ్గుపడుతున్నట్టు అడిగాడు.

"నువ్వన్న నమ్ముతున్నవా, నాకు నొస్తున్నదని?"

"నమ్ముతున్న" అన్నాను.

అది నిజం. అప్పటికి అది పూర్తిగా నిజం. ఎందుకు నమ్ముతున్నానో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ పాత గోలీ పని చేసిందని, మళ్లీ చేస్తుందని తెలిసేది. షాపు నిలిచేది. తాళంచెవి మా ఇద్దరి మధ్య ఉంది. మర్నాడు ఆయన వెళ్లి ఇచ్చి వచ్చాడు. రెండు మెషిన్లూ అమ్మేశాడు, ఒకటి ఉస్తాద్ ఇచ్చింది.

చాలా నెలలకు ఇంకో డాక్టరు పాత గోలీనే మళ్లీ రాశాడు. ఈసారి నేను దాన్ని ముట్టుకోలేదు. ఆయననే వేసుకోమన్నాను. నెల తిరిగేసరికి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. గోలీ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "గదే గోలీ. అప్పుడు చెయ్యలే, ఇప్పుడు చేస్తున్నది. నా నసీబ్ గట్లున్నది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

నొప్పి ఇప్పటికీ ఉంది, ముందంత లేదు. ఇంట్లో చేత్తో కాజాలు కుట్టి ఇస్తుంటాడు. మా షాపులో ఇప్పుడు ఎవరో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ దారిన వెళ్లాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడుస్తాను.

మొన్న మా చీరల షాపులో నాతో పనిచేసే ఒక అమ్మాయి, వాళ్ల అత్తకు సర్పి వచ్చి తగ్గిందని, అయినా రోజూ మంట మంట అంటుందని చెప్పింది. "నాటకమేమో అక్కా" అంది. "నాటకం కాదు" అన్నాను. గిరాకీలు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. నీకెట్ల తెలుసు అని అడిగింది. మా ఆయనకు వచ్చింది గదా అన్నాను. అదీ సగమే. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆయనకు చెబుతానా? తెలియదు. కోపం వస్తుందని కాదు నా భయం. చెబితే ఆయన ఆ మూడు వారాలను మళ్లీ గుర్తు చేసుకుంటాడు. నేను గిన్నె అందించడం, నీళ్లిచ్చి పక్కన నిలబడటం, మింగినవా అని అడగడం, అన్నీ. ఆ కష్టకాలంలో ఆయనకు మిగిలిన ఒకే ఒక మంచి జ్ఞాపకం నేను. దాన్ని కూడా తీసేసుకోవాలా? లేక ఇదంతా నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పుకునే సాకా? రెండూ కావచ్చు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆయన చాయ్ తాగడానికి కోర్టు వైపు వెళ్లాడు, పాత వకీళ్లు కనిపిస్తారని. ఇంట్లో ఎవరూ లేరు. రాసింది మొదటిసారి పైకి చదువుకున్నాను. ఆ గోలీలు నేనే మార్చాను. ఆయన నొప్పి నిజమని తెలిసి కూడా నోరు తెరవలేదు. ఆయన షాపు పోయింది నా వల్ల. ఆపకుండా చివరిదాకా చదివాను.