కరగని రాగి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా మేనత్త. తాడేపల్లి నుంచి వచ్చి బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా వాకిట్లోంచే కేకేసింది.

"అమ్మాయ్, నీ మొగుడు అక్కడ మిషను ఆపేశాడంటనే! అక్కడే పనిచేసే మా అల్లుడు ఉత్తరం రాశాడు. ఇంటికి పంపేస్తున్నారంట!"

నేను మిరపకాయలు ఎండబోస్తున్నాను. "ఎందుకు ఆపారో రాశాడా అత్తా?" అన్నాను.

"ఎందుకైతే ఏందే, ఉద్యోగం ఊడాక!"

మావారు మా ఊరి పత్తి మిల్లులో ఫిట్టరు. రాగి అతకడంలో ఆయన చెయ్యి మంచిదని విని, ఉత్తరాదిన ఒక ప్రయోగశాలవాళ్ళు పిలిపించుకున్నారు. కంటికి ఆనని కణాలను గిరగిరా తిప్పి, వేగం పెంచి, ధారగా వదిలే పెద్ద యంత్రం అక్కడ ఉండేది.

మూడో రోజున ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కుని, పెట్టెలోంచి ఒక రాగి పలక తీసి నా ముందు పెట్టారు. మధ్యలో శనగగింజంత చిల్లు. చుట్టూ రాగి మైనంలా కారి గడ్డకట్టింది.

మా మేనత్త వెనక్కి జరిగింది. "అది విషం కాదుగదరా?"

"ఏడాదిపాటు విడిగా ఉంచి, దాన్నుంచి చెడు కిరణాలేమైనా వస్తున్నాయేమో కొలిచి చూసి, ఏమీ లేదన్నాకే ఇచ్చారత్తా," అని నా వైపు తిరిగారు. "నిరుడు జరిగిందిది. అయస్కాంతాలు ఆ ధారను దారిలో నడుపుతాయి. రవ్వంత పక్కకి జరిగితే బలమంతా పక్కనున్న రాగి మీద ఒక్కచోటే పడుతుంది. వెనక నీళ్ళు పారుతుంటేనే రాగి నిలుస్తుంది. ఆ రోజు నీళ్ళు మందగించాయని చెప్పాను. మా పై అధికారి వచ్చేదాకా యంత్రం ఆపొద్దన్నారు. ఆయన వచ్చేసరికి ఈ చిల్లు."

"మరి ఈసారి?"

"నీళ్ళు మళ్ళీ మందగించినట్టు అనిపించింది. ఎవరినీ అడక్కుండా మీట లాగేశాను. విప్పి చూస్తే రాగి నున్నగా ఉంది. నీళ్ళూ మామూలుగానే పారుతున్నాయి."

అదీ ఆయన చేసిన నేరం. కరిగి ఉంటే చూపించడానికి చిల్లు ఉండేది. కరగలేదు కాబట్టి, ఊరికే భయపడి ప్రయోగం పాడుచేశాడన్నారు. తప్పయింది, క్షమించండి అని రాసిస్తే మళ్ళీ పనిలోకి రానిస్తారట.

"కాగితం ముక్కేగదరా! రాసి పారెయ్," అన్నారు మా మావగారు.

మావారు ముందు తెలుగులో రెండు వాక్యాలు రాశారు. నేను ఆ కాగితం అందుకున్నాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. ఇంట్లో మా నాన్నే అక్షరాలు దిద్దించారు. దేవుడి ముందు పైకి చదవలేనిది రాయకూడదని చెప్పిందీ ఆయనే.

"ఇది దేవుడి గూటి ముందు నిలబడి చదవండి. తరవాత పంపుదురుగాని," అన్నాను.

ఆయన నిలబడ్డారు. మొదటి మాట దగ్గరే ఆగి కాగితం నా చేతికి తిరిగిచ్చేశారు.

అప్పుడే మిల్లు మేస్త్రీ ఆయన్ని చూడవచ్చాడు. ముసలివాడు, కుడిచేతికి రెండే వేళ్ళు. వయసులో ఉండగా, యజమాని చెప్పనిదే మిల్లు ఆపకూడదన్నారని, తిరిగే రోలర్లలో చిక్కిన పత్తి తీయబోయి మిగతావి పోగొట్టుకున్నాడు. తను మేస్త్రీ అయ్యాక ఒక పద్ధతి పెట్టాడు. ఎవరికి అనుమానం వచ్చినా సరే, బెల్టు తప్పించి మిల్లు ఆపొచ్చు. తీరా చూస్తే ఏమీ లేదని తేలిందా, ఆపినవాడికి బెల్లం ముక్క పెట్టేవాడు.

సంగతంతా విని మావారిని అడిగాడు. "ఏరా, రాగి కరిగిందా?"

"లేదు మేస్త్రీ."

"అయితే నోరు తెరు."

మొలలో మూటకట్టుకున్న బెల్లం ఆ రెండు వేళ్ళతోనే విరిచి ఆయన నోట్లో పెట్టాడు.

ఆ కాగితం పొయ్యిలో వేశాను. ఇంకో ఉత్తరం నేను తెలుగులో రాస్తే మావారు ఇంగ్లీషులోకి మార్చారు. "ఆపింది నేనే. నీళ్ళు మందగిస్తే మళ్ళీ ఆపుతాను." అంతే. ఉద్యోగం పోయింది. పోనీ! ఆయన మళ్ళీ మా ఊరి మిల్లులోనే చేరారు. తలవంచని మనిషిని ఇంటికి చేర్చినందుకు దేవుడికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను.

రాగి పలకను దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టాను. "చిల్లుకి పూజేందే, పిచ్చిదానా!" అంది మా అత్త.

"పడిన చిల్లుకి కాదత్తా, పడకుండా ఆగిన చిల్లుకి," అన్నాను.

మేస్త్రీ పోయి చాలా కాలమైంది. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. నడుస్తున్న యంత్రం ముందు మీకు అనుమానం వచ్చి, ఎవరినైనా అడగాలా అని చెయ్యి వెనకాడితే, మొలలో బెల్లం మూట కట్టుకు తిరిగిన ఆ రెండు వేళ్ళ మనిషిని తలుచుకోండి.