ఒక గుట్ట, రెండు చుట్లు

ఇది రాయడం ఎందుకులే అని వారం రోజులు ఊరుకున్నాను. మోకాళ్లు పట్టేస్తే చేతివేళ్లు కూడా మొరాయిస్తాయని ఈ వయసులో తెలిసింది. కానీ ములకలపల్లి వైపు ఒక పూటలో గుట్ట చుట్టి వచ్చే దారి ఏదైనా ఉందా అని ముగ్గురు నలుగురు అడిగారు. ఉంది. మా బావతో మాత్రం వెళ్లకండి.

బావ అంటే మా అక్క మొగుడు. కొత్తగూడెం బొగ్గు బాయిలో ఒళ్లు అరగదీసుకుని రిటైరయ్యాడు. ఈసారి శ్రీరామనవమికి భద్రాచలం నడిచే వెళ్లాలని ఆయన పంతం. నిరుడు మోకాలు వాచి మంచం పట్టాడు కాబట్టి బస్సెక్కాల్సిందేనని అక్క పంతం. చివరికి అక్కే ఒక పరీక్ష పెట్టింది. ఏదైనా గుట్ట చుట్టూ, ఎక్కడా కూర్చోకుండా తిరిగి రావాలి. సాక్షిని నేను. "కూసుంటే కూసున్నడని చెప్పాలె. బావ అని ఎనకేసుకొచ్చినవో, నీకు బువ్వ బంద్," అంది.

పొద్దున్నే బస్సెక్కి పాల్వంచ మీదుగా ఎనిమిదిలోపే ములకలపల్లి చేరాం. అక్కడ తిన్న బోండాల గురించి రాయను. బావ పనిచేసిన బాయి క్యాంటీన్‌లోనే నేను వంటవాణ్ణి, పరాయి బోండాకు న్యాయం చెప్పలేను. నా చదువంతా బజ్జీలు కట్టే పాత పేపర్ల మీదే సాగింది. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు. మిగతా సగం ఎవరో బజ్జీలతో పట్టుకుపోయారు. గుట్ట కింది ఊరికి ఆటో కిరాయి రానూపోనూ నాలుగు వందలు. "ఈ ఎండల గుట్ట మీద ఏముంది పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు. "ఏం లేదు. అందుకే పోతున్నం," అన్నాను.

ఎండాకాలం మంటలు పాకకుండా అటవీశాఖ వాళ్లు పొదలు కొట్టి, ఆకులు ఊడ్చి గుట్ట నడుము చుట్టూ బాట తీస్తారు. మేం నడవాల్సింది దాని మీదే. ముందురోజే వాళ్లను అడిగి పెట్టుకున్నాం. ఊళ్లోంచి అరగంట ఎక్కితే ఒక ఇప్పచెట్టు దగ్గర ఆ బాట తగులుతుంది. చుట్టు పూర్తి కావడానికి రెండు గంటలు. నడక మోస్తరుదే గానీ నీడ లేదు. టేకు చెట్లు ఆకు రాల్చుకుని నిలబడ్డాయి, కాలి కింద ఎర్ర గులకరాళ్లు జారుతున్నాయి.

చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతున్న ఒకావిడ దారి చెప్పింది. "గుట్టను కుడిచేతికి పెట్టుకొని పోన్రి. ముప్పావు సుట్టు అయినంక ఎండిన వాగు ఒస్తది. ఆడ ఎడమకు దిగితే ఊళ్లె తేల్తరు."

వాగు వచ్చింది. ఎడమకు బాట కూడా ఉంది. బావ ఆగి, ముఖం పైకెత్తి గాలి చూశాడు.

"ఎడమ అన్నది గద బావా."

"ఆగుర బామ్మర్ది. బాయిల దారి తప్పితే ఏం జేస్తరు?"

"నాకేం దెలుసు? నేను చాయ్ పోసెటోణ్ణి."

"గాలికి ఎదురు నడుస్తరు. మంచిగాలి బాయి నోట్లకెళ్లే ఒస్తది. మొఖానికి కొట్టిందంటే బయటికి పోతున్నట్టు."

"మనం బయటనే ఉన్నం బావా!"

"క్యాంటీనోనికి ఏం దెలుస్తది," అని నేరుగా నడిచాడు. గాలి ఆయన ముఖానికే కొడుతోంది మరి. గుట్ట మలుపు తిరిగినప్పుడల్లా గాలీ తిరిగింది, బావ ఇంకా హుషారయ్యాడు. చివరికి ఎదురుగా అదే ఇప్పచెట్టు. కింద అదే ఆవిడ.

"ఏంది తాతా, మల్ల ఒచ్చిన్రు? దారి తప్పిన్రా?"

"తప్పుడేంది బిడ్డా! రెండు సుట్లు మొక్కుకున్నం. రామునికి," అన్నాడు బావ.

ఊరు కిందనే కనబడుతోంది, అరగంట దిగితే ఆటో. కానీ ఆవిడ భక్తిగా చేతులు జోడించి, తన సీసాలోని నీళ్లు మా ఇద్దరికీ పోసి, మమ్మల్ని సాగనంపడానికి లేచి నిలబడింది. ఇంకెక్కడికి దిగుతాం?

రెండో చుట్టు గురించి చెప్పడానికి బూతులు కావాలి, అవి ఇక్కడ రాయకూడదు. ఎండ నడినెత్తికొచ్చింది. గుట్ట వెనక వైపు నేను ఒక బండ మీద కూలబడ్డాను. బావ టేకు మొద్దు పట్టుకుని నిలబడ్డాడు. బరువంతా ఒంటి కాలి మీదే వేశాడు.

"కూసో బావా. అక్కకు చెప్పనులే."

"నువ్వు చెప్పవ్. నాకు దెలుస్తది గద."

వాగు దగ్గర ఆయనే ఎడమకు తిరిగాడు. గాలి వీపుకు కొడుతోంది. ఆ సంగతి నేనూ ఎత్తలేదు.

దారి తప్పడం పెద్ద తప్పేం కాదు, అడవిలో ఎవరైనా తప్పుతారు. తప్పామని ఒక మనిషి ముందు ఒప్పుకోవడం కన్నా గుట్ట చుట్టూ ఇంకోసారి తిరగడమే తేలికనుకునే మనుషులున్నారు చూశారూ, వాళ్లతోనే చావు. అయినా ఆ మొద్దు పట్టుకుని నిలబడిన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మీరు వెళ్తే మనిషికి మూడు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, దారిలో ఎక్కడా దొరకవు.

వాళ్లింటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "కూసున్నడా?"

"కూసున్నది నేను," అన్నాను.

అక్క బువ్వ పెట్టింది. కాళ్లు లేవక ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లారి చూస్తే గుమ్మం దగ్గర నా చెప్పులు లేవు. నవమి నడకకని అక్క, బావ చెప్పులతో పాటు వాటినీ కుట్టించడానికి పంపింది.