సంగారెడ్డి అవతల, సైనికుల కాళ్ళు కడిగిన గురువారం

దేవదాసు ఫోను చేయకపోతే నేను ఈ ప్రయాణం పెట్టుకునేవాణ్ణే కాదు. ఏప్రిల్ ఎండలో డెబ్బై దాటినవాడు బస్సులెక్కి తిరగాల్సిన పనేముంది? దేవదాసు మా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో గేటు కాపలా చేసిన మనిషి. అంతకుముందు ఫౌజులో హవల్దారు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద పోయింది. రబ్బరు కాలు పెట్టించుకుని వచ్చి, ఇరవై ఏళ్ళు మా గేటు దగ్గర నిలబడ్డాడు. నేను లోపల వెల్డింగు పని. పొద్దున్నే ఆయన పెద్దసార్ల కారుకు సెల్యూట్ కొడుతుంటే వెనక సైకిలు మీద ఉన్న నేను తలెత్తుకుని లోపలికి పోయేవాణ్ణి, అందులో నాకూ వాటా ఉన్నట్టు. మాది కృష్ణ అవతలి ఊరు, ఆయనది ఈ జిల్లా. ఇద్దరం ఒకే ప్రభువును నమ్ముకున్నవాళ్ళం కాబట్టి స్నేహం కుదిరింది. రిటైరయ్యాక ఆయన సంగారెడ్డి అవతల సొంత ఊరికి పోయాడు.

"అన్నా, గుడ్ ఫ్రైడే ముందురోజు మా గుడిల కాళ్ళు కడుగుతరు. ఎప్పుడు సంఘం పెద్దమనుషులయి కడిగేది. ఈసారి ఫౌజుల చేసినోళ్ళయి కడుగుతరంట. నన్ను గూడ కూసోమంటున్నరు" అన్నాడు ఫోనులో.

"మంచిదేగా. కూర్చో" అన్నాను.

"ఏం మంచిది? నా కాలు సంగతి నీకెరుకనే కదా. నువ్వు రా అన్నా. మా అయ్యగారికి ఏదన్న చెప్పి నన్ను తప్పియ్యి. నువ్వైతే మొకం మీదనే మాట్లాడుతవ్."

ఆ చివరి మాట నాకు నచ్చింది. వస్తానన్నాను. తప్పించడానికి మాత్రం కాదు, కూర్చోబెట్టడానికి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శత్రువులు పట్టుకుపోయే ముందు మా ప్రభువు శిష్యుల కాళ్ళు తానే కడిగాడు. దాని జ్ఞాపకంగా ఆ గురువారం కొన్ని సంఘాల్లో కాళ్ళు కడిగే ఆరాధన చేస్తారు. అలాంటిచోట కూర్చోమని పిలిస్తే వద్దనేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పటాన్‌చెరులో మంచి శాలువా ఒకటి కొని సంచిలో పెట్టుకున్నాను, నా చేతులతో కప్పుదామని.

పది గంటలకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు ఎక్కాను. టికెట్టు నలభై లోపే. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి సీట్లన్నీ వాళ్ళవే, నేను రుద్రారం దాకా నిలబడే పోయాను. ఇస్నాపూర్ దగ్గర మందుల కంపెనీల వాసన ఎప్పటిలాగే ముక్కు పట్టుకుంది. రాత్రి డ్యూటీ దిగిన బీహారు, ఒడిశా కుర్రాళ్ళు కడ్డీలు పట్టుకుని నిలబడే నిద్రపోతున్నారు. కంది దాటాక చేలు కనిపించాయి. గంట లోపే సంగారెడ్డిలో దిగాను. బస్టాండు బయట సదాశివపేట రోడ్డు వైపు పోయే షేర్ ఆటోలుంటాయి. ఆ ఊరి పేరు రాయొద్దని దేవదాసు అన్నాడు కాబట్టి రాయను. "రాతిగుడి ఊరు" అంటే ఏ ఆటోవాడైనా దించుతాడు.

నేనెక్కిన ఆటో నడిపేది ఖాజా అనే మనిషి. "గుడి కాడికా చాచా? ఎక్కు ఎక్కు. ఫౌజీవా?" అన్నాడు.

"కాదు."

"గట్లయితే ముప్పై ఇయ్యి. ఫౌజీలకే ఇయ్యాల ఫ్రీ."

"నేను నలభై ఏళ్ళు ఇనుము అతికించానయ్యా. అది దేశానికి పనికిరాలేదా?"

"ఇనుపోళ్ళ పండుగ వచ్చిననాడు రా చాచా. పటాన్‌చెరు దాక ఫ్రీగ దింపొస్త."

ఆటోలో అందరూ నవ్వారు. నాకు మండింది. "అది నీ గుడి కూడా కాదు కదా, నీకెందుకు ఇంత?" అన్నాను.

"గుడి ఎవరిదైతేంది? ఆళ్ళు బార్డర్ల నిలబడ్డప్పుడు ఎవరి ఇల్లని అడిగి నిలబడ్డరా?" అని హారన్ కొట్టాడు. నేను ముప్పై తీసి ఇచ్చాను.

దేవదాసు ఇంట్లో ఆయన భార్య శాంతమ్మ జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు పెట్టింది. ఈస్టరు ముందొచ్చే ఉపవాసాల శ్రమదినాలు కాబట్టి నీచు వండలేదు. "అన్నా, నువ్వన్న గీయనకు జెర సమజ్ చెయ్యి. పొద్దుగాల్నించి బూట్లు ఇడుస్తలేడు. అన్నం కాడ గూడ బూట్లే" అంది.

"నీకెందుకే, పప్పు పొయ్యి" అన్నాడు దేవదాసు.

"ఏంటయ్యా, కొత్త పెళ్ళికూతురిలా ముడుచుకున్నావు? కాలు రబ్బరుదైతే ఏం? దొంగతనం చేసి తెచ్చావా?" అన్నాను నేను.

శాంతమ్మ లోపలికి పోయేదాకా ఆగి చెప్పాడు. "నలుగుర్ల కాలు చాపుడు పరేషానే గని, అసలు సంగతి అది కాదన్నా. గుడికి సారక్క వస్తది."

సారమ్మ ఆ ఊరి పెద్దావిడ, ఎనభైకి దగ్గరగా ఉంటుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ప్రకాశం. దేవదాసు మాటలు విని ఫౌజులో చేరాడు, ఇద్దరూ ఒకే కంపెనీలో ఉన్నారు. మందుపాతర పేలినరోజు ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు. ప్రకాశం అక్కడికక్కడే చనిపోయాడు.

"నేను ఒక్క కాలిచ్చి వాపస్ వచ్చినన్నా. వాడు మొత్తం ఇచ్చిండు. ఇయ్యాల ఆమె ముంగట కుర్సీల కూసొని, సూడు నేను బతికే ఉన్న అన్నట్టు గీ కాలు చాపాల్నా? రిటైరై వచ్చినకాడికెళ్ళి నేను ఆమె గల్లీల అడుగు పెట్టలే. వాటర్ ట్యాంకు ఎనుకకెళ్ళి చుట్టు తిరిగి పోత."

రొట్టె చల్లారిపోయింది. చేయి కడుక్కుని, సంచి తీసుకుని, తిన్నగా గుడికి పోయాను. ఇప్పుడు నేనే తప్పించాలనుకున్నాను.

రాళ్ళతో కట్టిన పాత గుడి అది. లోపలికి పోతే బయటి ఎండ గుర్తే రాదు. అయ్యగారు అంటే అక్కడి పాస్టరు, నలభై లోపు మనిషి. చొక్కా చేతులు మడిచి డ్రమ్ములో నీళ్ళు నింపుతున్నాడు. వెళ్ళి ముఖం మీదే అడిగాను. "దేవదాసును వదిలేయండి. లేదంటే ఒక్క కాలే కడగండి. ఆ సారమ్మ గారిని వెనక ఎక్కడన్నా కూర్చోబెట్టండి."

ఆయన బకెట్ కింద పెట్టాడు. "పెద్దయ్యా, ఎవలు ఎవలయి కడగాల్నో నేను చెప్ప. ఈ గుడిల మొదటిసంది గదే రివాజు. చుట్టం కానోళ్ళు, మనసైనోళ్ళు లేచి వస్తరు. నేను నీళ్ళు నింపి పెడుత, గంతే." నా సంచి వైపు చూశాడు. "అదేంది?"

"శాలువా. దేవదాసుకు."

"ఇంటి కాడ ఇచ్చుకోన్రి. ఇయ్యాల భుజాల మీద ఏం కప్పం."

నన్ను అంత సూటిగా కాదన్న మనిషిని చూసి చాలా ఏళ్ళయింది. కోపం రావాలి, రాలేదు.

నాలుగింటికి ఆరాధన మొదలైంది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడుగురు సైనికులు. ఎవరూ యూనిఫాం వేసుకోలేదు. మెడల్స్ కూడా ఇంట్లోనే పెట్టి రమ్మన్నారట. దేవదాసు చివరి కుర్చీలో ఉన్నాడు. వస్తాడో రాడో అనుకున్నాను, వచ్చాడు. కుడికాలి బూటు ఒక్కటే విప్పి, ఎడమకాలు బూటుతో సహా కుర్చీ కిందికి లాక్కున్నాడు.

అయ్యగారు ఎక్కువ మాట్లాడలేదు. "మనం యుద్ధాన్ని పొగడనీకి కూసోలే. మన ప్రభువు శాంతి సమాధానం కోరినోడు. గని పక్కోని కోసం ప్రాణం పెట్టుడంటే ఏందో ఆయనకు ఎరుక. ఈ ఏడుగురికి గూడ జెర ఎరుకనే. అందుకే పోయి వాళ్ళ కాళ్ళ కాడ కూసుందాం" అని పక్కకు జరిగాడు.

తర్వాత ఒకతను లేచాడు. పాశమైలారంలో డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టున్నాడు, కంపెనీ కార్డు ఇంకా మెడలో వేలాడుతోంది. మొదటి సైనికుడి ముందు కూర్చుని, కార్డు నీళ్ళలో పడకుండా చొక్కాలోకి తోసుకుని, ఆయన పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఒకామె, తర్వాత ఇంకొకాయన. నేను ముందు వరసలోకి జరిగి చూశాను. అన్ని కాళ్ళను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఒకాయనకు మంచుకు రెండు వేళ్ళు పోయాయి. ఇంకొకాయన పిక్క మీద మాంసం లేదు, గుంట ఉంది. ఆ గుంటలోకి నీళ్ళు పోస్తున్నామె ఏడవడం లేదు, పసిబిడ్డకు పోసినట్టు జాగ్రత్తగా పోస్తోంది. గుడిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి ఒక పొట్టి ముసలావిడ గోడ పట్టుకుని లేచింది. ఎవరూ చెప్పకపోయినా సారమ్మేనని దేవదాసు ముఖం చూసి నాకు తెలిసింది. ఆమె ఒక్కో కుర్చీ దాటుకుంటూ వచ్చి చివరిదాని ముందు ఆగింది. మోకాళ్ళ మీద కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"సారక్కా, ఒక్కటి చాలు" అన్నాడు దేవదాసు.

"రెండోది ఏదిరా?"

"అది కాలు కాదక్కా. రబ్బరు."

"నాకెరుక లేదా? నా గల్లీ తప్పించి ట్యాంకు ఎనుకకెళ్ళి పోతవ్ సూడు, కంకర మీద ఆ కాలు చప్పుడు నాకు ఇనబడదనుకున్నవా? దినాం ఇంటున్న. తియ్యి."

ఆమె తానే చేయి చాపి కుర్చీ కిందనుంచి ఆ కాలు లాగింది. బూటు తాడు విప్పింది. మేజోడు ఊడదీసింది. మనిషి రంగు రబ్బరు పాదం. వేళ్ళు కూడా చెక్కి ఉన్నాయి. చెంబు ఎత్తబోయి, బరువుకు మళ్ళీ కింద పెట్టింది. నా వైపు తిరిగింది.

"ఏయ్ పెద్దమనిషీ, సూస్తవేంది? నీళ్ళు పొయ్యి. మోకాళ్ళు పట్నంల అమ్ముకొని వచ్చినవా?"

నేను ఎవరి ముందూ వంగిన మనిషిని కాదు. మేనేజర్ ముందు కూడా వంగలేదు, అందుకే ప్రమోషన్ రాలేదు. అలాంటివాణ్ణి ఎలా దిగానో తెలియదు, ఆ రాతి నేల మీద మోకాళ్ళూని చెంబు పట్టుకున్నాను. ఆమె కుడికాలు గబగబా కడిగేసింది, ఎవరికైనా కడిగినట్టే. రబ్బరు కాలు దగ్గరకు వచ్చేసరికి చేయి నెమ్మదించింది. మడమ రుద్దింది. వేళ్ళ మధ్య వేలు పెట్టి, ఒక్కొక్క సందూ కడిగింది.

"ప్రకాశం పెట్టె తెరవనియ్యలే" అంది, దేవదాసుతోనే చెబుతున్నట్టు, చిన్నగా. "జెండ కప్పిన్రు. తుపాకులు పేల్చిన్రు. అంత మంచిగనే చేసిన్రు, తప్పు పట్ట. తానం మాత్రం పోయనియ్యలే. కన్నదాన్ని, మట్టిల పెట్టెటప్పుడు ఒక్క చెంబు నీళ్ళు పొయ్యలే నేను."

మావాళ్ళలో సమాధి చేసే ముందు ఇంటివాళ్ళు స్నానం చేయిస్తారు. అది లేకుండా పంపడం అంటే ఏమిటో ఆ గుడిలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

"నీ కాలు వాడు పోయిన జాగలనే పోయింది గదరా? దాని బదులు వచ్చిందే గదా ఇది. దీనికన్న పోయనియ్యి నన్ను."

దేవదాసు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. ఇంకాస్త ముందుకు చాపాడు. నేను పోస్తూనే ఉన్నాను. డ్రమ్ము దగ్గరనుంచి అయ్యగారు చెంబు మీద చెంబు నింపి అందిస్తూనే ఉన్నాడు. చాలని ఎవరూ అనలేదు. ఆమే చివరికి చాలంది. కొంగుతో రబ్బరు వేళ్ళు తుడిచి, ఆ పాదాన్ని నేల మీద పెట్టి, దాని మీద కాసేపు చేయి ఉంచింది. అయ్యగారు అప్పుడు ప్రార్థన చేశాడు. ఏం ప్రార్థించాడో నాకు వినబడలేదు. ప్రభువు ఆ గుడిలో ఎక్కడున్నాడని ఎవరైనా నన్నడిగితే మాత్రం చేయి చూపించి ఉండేవాణ్ణి.

లేవడానికి ముగ్గురం తంటాలు పడ్డాం. దేవదాసు ఆమెకు చేయిచ్చాడు, ఆమె నా భుజం పట్టుకుంది, నేను కుర్చీ పట్టుకున్నాను. "ముగ్గురికి కలిపి మూడు కాళ్ళన్న సక్కగ లేవు" అంది సారమ్మ. ముందు దేవదాసే నవ్వాడు. బయటికొచ్చాక ఆమె ఆయనతో, "చాయ పెడుత. నా గల్లీలకెళ్ళి పో" అంది. పోయాడు. కంకర మీద ఆ కాలు చప్పుడు వింటూ నేను వెనక నడిచాను.

మా ఫ్యాక్టరీలో ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేసి, దేవదాసుకు శాలువా కప్పి, స్వీటు పొట్లం చేతిలో పెట్టేవాళ్ళం. చప్పట్లు అందరికంటే గట్టిగా నేనే కొట్టేవాణ్ణి. అది తప్పని అనను. కానీ ఇరవై ఏళ్ళు గేటు దగ్గర రోజూ చూసిన ముఖాన్ని మొట్టమొదటిసారి కిందినుంచి, మోకాళ్ళ మీద ఉండి చూశాను. అంత ఎత్తు మనిషని నాకు తెలియదు. ప్రభువు తన వాళ్ళ కాళ్ళ దగ్గర ఎందుకు కూర్చున్నాడో చిన్నప్పటినుంచి ప్రసంగాల్లో వింటూనే ఉన్నాను. వినడం వేరు. బతికొచ్చినవాడు సిగ్గుపడకుండా, పోగొట్టుకున్న తల్లి ఒంటరిగా ఉండకుండా చేయడానికి ఆ ఊరివాళ్ళకు ఒక డ్రమ్ము నీళ్ళు సరిపోయాయి.

వచ్చే ఏడు పోవాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. మధ్యాహ్నానికే చేరుకోండి, సంచిలో ఒక తువ్వాలు పెట్టుకోండి. అక్కడ ఊరికే కూర్చుని చూడనివ్వరు.